గాలి ఎక్కడ దాక్కుంది

"తొక్కు," అన్నాడు అతను. మనిషి కనబడడం లేదు. కారు ముందు చక్రాలు రెండూ ఊడదీసి షెడ్డు గోడకి చేరవేసి ఉన్నాయి, చక్రం ఉండాల్సిన చోట గోనెసంచి పరుచుకుని కూర్చున్న భర్త గొంతు ఒక్కటే డ్రైవరు సీట్లో ఉన్న ఆమె దాకా వస్తోంది. ఆమె తొక్కింది. ఒకటి, రెండు, మూడు. "పట్టుకో." పట్టుకుంది. స్పానరు కిర్రుమంది, పాదం కింద బ్రేకు పెడల్ మెల్లగా నేలదాకా జారిపోయింది. "వదలకు, వదలకు... ఆఁ, ఇప్పుడు వదులు." వదిలింది. పెడల్ ఏమీ ఎరగనట్టు మళ్ళీ పైకొచ్చింది. "బుడగ ఒక్కటి కూడా రాలేదు. ఎలా ఉందో చూడు." ఆమె మామూలుగా ఒకసారి తొక్కి చూసింది. మొదటిసారి ఎంత మెత్తగా ఉందో పన్నెండోసారీ అంతే మెత్తగా, తడిసిన దిండు మీద కాలేసినట్టు ఉంది. "కాస్త... ఇంకా..." అని నీళ్ళు నమిలింది. అవతల్నించి సీసాలో ఆయిల్ కదిలిన చప్పుడు మాత్రం వచ్చింది.

బుడగ రాలేదంటే లోపల గాలి లేనట్టే కదా, గాలి లేకపోతే పెడల్ గట్టిగా ఉండాలి కదా, మరి ఇదేమిటి అనుకుంది. అనుకోవడానికి ఆమెకి కావలసినంత తీరిక ఉంది, పనంతా కాలికే. పొద్దున అతనే విడమరిచి చెప్పాడు. బ్రేకు గొట్టాల్లో ఉండేది ఆయిల్, దాన్ని ఎంత నొక్కినా నలగదు, ఇక్కడ కాలు పెట్టిన బలాన్ని పొల్లుపోకుండా తీసుకెళ్ళి చక్రం దగ్గర క్యాలిపర్‌కి అప్పగిస్తుంది, ఆ క్యాలిపర్ తిరిగే డిస్కుని రెండు వైపులా అదిమి పట్టుకుని ఆపుతుంది. క్యాలిపర్ మార్చాలంటే గొట్టం విప్పాలి, విప్పితే గాలి దూరుతుంది, గాలి మాత్రం నలుగుతుంది, కాలి బలమంతా అదే తినేసి చక్రానికి మొండిచెయ్యి చూపిస్తుంది. అందుకని క్యాలిపర్‌కి ఉండే చిన్న నిపుల్‌కి సన్నటి గొట్టం తగిలించి, నువ్వు తొక్కినప్పుడల్లా నేను దాన్ని కాస్త తెరిచి గాలిని సాగనంపుతాను, చిటికెలో పని, అన్నాడు. ఆ చిటికె అన్నప్పుడు అతని మొహంలో పాత వెలుగు కనబడి ఆమెకి ప్రాణం లేచొచ్చింది. చిటికె కాస్తా గంటన్నర అయింది. ఇంత ఇనుప బండిలో ఎక్కడో గోరంత గాలి నక్కి కూర్చుని, ఏభై దాటిన ఇద్దరు మనుషుల్ని ఆడిస్తోంది. ఎక్కడ? ఆమె కళ్ళు మూసుకుని పెడల్ దగ్గర్నించి తనే బయల్దేరింది, బానెట్ కింద ఆయిల్ డబ్బా దాటింది, సన్నటి ఇనుప గొట్టం వెంట వంపులు తిరిగింది, రబ్బరు గొట్టంలోకి జారింది, అక్కడ చీకటి, ఆ చీకట్లో ఆయిల్ ఏ రంగులో ఉంటుంది, చీకట్లో దేనికైనా రంగు ఉంటుందా, ఉండదేమో. గాలికి చీకటంటే భయం లేదు పాపం. "తొక్కు." తొక్కింది.

పన్నెండింటికి మరిది వస్తాడు. ఈ కారు మరిదిదే, పిల్లల్ని బడిలో దింపడానికి వాడేది. ఎనిమిది నెలల కింద ఆమె భర్తకి మెదడులో ఒక సన్నటి నరం మూసుకుపోయి, షెడ్డులో నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలబడ్డాడు. సమయానికి ఆసుపత్రిలో పడ్డాడు కాబట్టి మాట బతికింది, నడక బతికింది, కుడిచేతి పట్టు ముప్పాతిక వంతు తిరిగొచ్చింది. రానిది ధైర్యం. ఇంటి పక్కనే ముప్పై ఏళ్ళు నడిపిన ఈ రిపేరు షెడ్డుకి తాళం పడింది, మళ్ళీ తీసింది ఈ ఒక్క పని కోసమే. పక్క వీధి టైర్ల షాపాయన దాన్ని అద్దెకిమ్మని మరిది చుట్టూ తిరుగుతున్నాడు, ఇవాళ మధ్యాహ్నం లోపల మాట చెప్పాలి. మరిది చెడ్డవాడు కాదు, వాడి భయం వాడిది. పోయిన ఆదివారం ఇంటికొచ్చి, అన్న ఎదురుగానే కూర్చుని ఉండగా, "వదినా, బ్రేకులంటే ప్రాణాలతో పని. అన్నయ్య ఇప్పుడు చెయ్యగలడంటావా?" అని ఆమెని అడిగాడు. ఎనిమిది నెలలుగా అందరూ అతని సంగతి ఆమెనే అడుగుతున్నారు, అతనేదో ఇంట్లో సామానైనట్టు. అప్పుడు అతనే అన్నాడు, "నీ కారు ముందు బ్రేకులు పట్టేస్తున్నాయన్నావుగా, క్యాలిపర్లు రెండూ మార్చి ఇస్తాను. పెడల్ సరిగ్గా వస్తే షెడ్డు తెరుస్తా. రాకపోతే నీ ఇష్టం." ఇద్దరి ముందూ అనేశాడు. అనేసి, రాత్రి భోజనం దగ్గర చెంచా పట్టుకుని చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఆమె కూడా అతన్ని చూస్తూ ఉంటుంది, అందుకే ఆమెకి తన మీదే కోపం. ఆసుపత్రిలో యంత్రం తెరమీద అంకెలు చూసినట్టు చూస్తుంది. రెండు కాళ్ళకీ వేరువేరు చెప్పులు వేసుకున్న రోజు ఒకటి. గేటు దాకా వెళ్ళి ఎందుకొచ్చానో మరిచిపోయి నిలబడ్డ రోజు ఒకటి. ఏ మనిషైనా మరిచిపోతాడు, ఆమే నిన్న కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికింది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, అతనిది మాత్రం ఆమె మనసులో ఒక చీటీ మీద చేరుతుంది. పెళ్ళయిన కొత్తలో ఇలా చూసేది కాదు, అప్పటి చూపు వేరు, షెడ్డునించి వచ్చినవాడు గ్రీజు చేతులు గాల్లో ఎత్తి పట్టుకుని, పాలు తాగిన పాపాయిని మోచేతుల మధ్యకి అందుకుని భుజానికి ఆనించుకుని, మణికట్టుతో వీపు మీద తట్టేవాడు. పాప త్రేన్చేదాకా ఇల్లంతా నిశ్శబ్దం. త్రేన్పు రాగానే, "అదీ, గాలి పోయింది," అనేవాడు, ఏదో ఇంజను బాగుచేసినంత గొప్పగా. ఆ పాపకి ఇప్పుడు పాతికేళ్ళు, తండ్రి ముక్కు, ఎవరి మాటా వినని తనం ఎవరిదో మరి. "పట్టుకో." పట్టుకుంది. తొడ నరం పీకుతోంది. "వదులు." వదిలింది.

ఆసుపత్రిలో నర్సుగా ఆమె పని కూడా గొట్టాలతోనే. కిడ్నీలు చెడిన వాళ్ళ రక్తాన్ని గొట్టంలోంచి యంత్రంలోకి తీసి, కడిగి, మళ్ళీ వాళ్ళకే పంపించే గది అది. మూడో మంచం మేష్టారు వారానికి మూడుసార్లు వస్తాడు, నాలుగు గంటలు పడుకోవాలి, పడుకున్నంతసేపూ ప్రశ్నలే. "అమ్మా, ఇప్పుడు నా రక్తం ఎక్కడ దాకా వెళ్ళింది?" అంటాడు. ఆమె గొట్టం మీద వేలుపెట్టి చూపిస్తుంది, ఇదిగో, ఇక్కడ మలుపు తిరిగింది, ఇదిగో, ఇక్కడ శుభ్రపడింది, వచ్చేస్తోంది. "అంటే ఒక పావు మేష్టారు ఎప్పుడూ ఊరిమీద తిరుగుతుంటాడన్నమాట," అని ఆయన మురిసిపోతాడు. ఆ గదిలో ఆమెకి ఒకటే దడ, బుడగ. రక్తంతోపాటు బుడగ లోపలికి పోయిందా, మనిషి చేతికి దక్కడు. యంత్రం కనిపెట్టి అరుస్తుంది, అయినా ఆమె కళ్ళు యంత్రాన్ని నమ్మవు. అక్కడ రోజంతా బుడగ రాకూడదని చూస్తుంది, ఇవాళ సెలవు పెట్టి బుడగ రావాలని చూస్తోంది, తమాషా కాకపోతే ఏమిటి. మేష్టారు ఇక్కడుంటే ఎంత సంతోషించేవాడో, ఈపాటికి మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి తొంగిచూస్తుండేవాడు.

స్పానరు గచ్చు మీద ఖంగుమని పడింది. ఇందాకా రెండుసార్లు పడింది, తీసుకున్నాడు. ఈసారి తీసుకున్న చప్పుడు లేదు. "ఏమండీ," అంది. "ఇక చాల్లే," అన్నాడతను, మామూలు గొంతుతోనే, అదే ఆమెకి భరించరానిదయింది. "వాడికి ఫోన్ చెయ్యి. తాళంచెవి ఆ టైర్లాయనకి ఇచ్చెయ్యమను." "ఇంకొక్కసారి చూద్దామండీ." "ఎన్నిసార్లు చూస్తావు? బుడగ లేదు, పెడల్‌లో పట్టు లేదు. రెండూ ఒకేసారి లేకపోవడం ముప్పై ఏళ్ళలో నేను చూళ్ళేదు. పోయింది బ్రేకు కాదు, నా తల. ఏదో మర్చిపోతున్నాను, ఏం మర్చిపోతున్నానో అదీ తెలీట్లేదు."

ఫోను పక్క సీట్లోనే ఉంది. ఆమె చెయ్యి అటు వెళ్ళలేదు. ఆయిల్ సీసాలోకి వస్తోంది, బుడగ రావడం లేదు, అంటే గాలి ఆయిల్‌తో కలిసి రావడం లేదు, ఎక్కడో వేరుగా ఉండిపోయింది. ఆయిల్ వెళ్ళే దారిలో లేదు. దారి పక్కన ఉంది. నీళ్ళ సీసా అడుగున చిల్లి పడితే ముందు కారేది నీళ్ళే, పైనున్న గాలి కారదు, అది దర్జాగా పైనే ఉంటుంది. ఉద్యోగంలో చేరిన మొదటి నెల, రక్తం కడిగే ఆ జల్లెడ గొట్టంలోంచి గాలి తీయమని చెప్పి పెద్ద నర్సు టీ తాగడానికి వెళ్ళింది. ఈమె అరగంట తట్టింది, ఊపింది, బుజ్జగించింది, లోపల బుడగలు ముత్యాల్లా మెరుస్తూ కదలకుండా కూర్చున్నాయి. పెద్ద నర్సు వచ్చి చూసి, దాన్ని అమాంతం తలకిందులు చేసింది. బుడగలన్నీ బిలబిలా వెళ్ళిపోయాయి. "గాలికి పైకి పోవడం ఒక్కటే తెలుసమ్మా," అంది ఆవిడ. "నువ్వు పైనున్న తలుపు మూసేసి, కింది తలుపు దగ్గర నిలబడి రా రా అంటే ఎలా వస్తుంది?" ఆవిడ మాట అప్పట్లో చురుక్కుమంది. ఇప్పుడు, పాతికేళ్ళ తరవాత, కారు సీట్లో, గుండెలో ఏదో గబుక్కున లేచి నిలబడినట్టయింది. పైకి. నిపుల్ ఎక్కడుంది? ఇందాకట్నించి ఆమె తొక్కుతోందే కానీ, ఆ నిపుల్ మొహం ఎలా ఉంటుందో చూడనేలేదు.

కారు దిగింది. కాలు తిమ్మిరెక్కి సహకరించలేదు, తలుపు పట్టుకుని కుంటుకుంటూ వెళ్ళి అతని పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. కొత్త క్యాలిపర్ బూడిదరంగులో నిగనిగలాడుతోంది. దాని పైభాగమంతా నున్నగా మూసుకుని ఉంది. రబ్బరు గొట్టం వచ్చి కలిసిన చోటుకి కూడా కింద, నేలవైపు మొహం పెట్టి, వేలి కొసంత నిపుల్. "ఏమండీ, ఇది కిందే ఉంటుందా?" అని అడిగింది. ఆమె నిజంగా తెలుసుకుందామనే అడిగింది, తప్పు పట్టడానికి కాదు. అతను చూశాడు. చాలాసేపు చూశాడు. వేలుపెట్టి ఆ నిపుల్‌ని తడిమాడు, గుడ్డివాడు మొహం తడిమి మనిషిని గుర్తుపట్టినట్టు. తరవాత బానెట్ అంచు పట్టుకుని లేచి, అవతలి చక్రం వైపు వెళ్ళి, వంగి, అక్కడా చూసి వచ్చాడు. "పైనుండాలి," అన్నాడు. "కుడిది ఎడమకి వేశాను. ఎడమది కుడికి వేశాను. గాలి మొత్తం పైన నిండి ఉంది, నేను అడుగునించి ఆయిల్ తోడుతున్నాను."

ఎలా జరిగింది? ఆమెకి మొదట తోచిన మాట ఇదే, అయ్యో అనిపించకముందే ఎలా అనిపించింది. అతను పార్టులు ఎలా పెట్టుకుంటాడో ఆమెకి తెలుసు. కారుకి ఎదురుగా నిలబడి, ఒక పొడుగాటి చెక్కబల్ల మీద, కారులో ఏది ఎటుండాలో అటే పేరుస్తాడు. కొత్త సామాను వచ్చిన అట్టపెట్టెలు, వాటి మీది గుర్తులు అన్నీ ముందే పారేస్తాడు, బల్ల మీద ఉన్న చోటే వాటి చిరునామా. ఆ బల్ల ఎవరూ ముట్టుకోకూడదు, అది షెడ్డు చట్టం. మరి ముట్టుకున్నదెవరు? నిన్న సాయంత్రం జల్లు పడింది. అతను నిద్రపోతున్నాడు. కొత్త సామాను తడుస్తుందని ఆమె పరిగెత్తి, షెడ్డు ముందు ఆరుబయట క్యాలిపర్లు రెండూ పేర్చి ఉన్న బల్లని అలాగే ఎత్తి లోపలికి తెచ్చింది, ద్వారంలో అడ్డం తిరిగితే పట్టలేదు, ఇటునించి అటు తిప్పి లోపలికి దూర్చింది, దూర్చి, ఎటు తిప్పిందో అటే దించేసింది. బల్ల తిరిగితే కుడి ఎడమైంది, ఎడమ కుడైంది. చెప్పుకోవడానికి సిగ్గే కానీ, ఆమెకి పట్టరాని సంతోషం కలిగింది. తప్పు తనది! అతని తలది కాదు. ఎనిమిది నెలల్లో ఇంత మంచి తప్పు ఆమె చెయ్యలేదు.

"ఏమండీ, అది మీరు చేసింది కాదు," అంది, ఆయాసపడుతూ. "నిన్న వానకి బల్ల లోపలికి తెచ్చింది నేను. తిప్పి పెట్టేశాను. నాకు తట్టనే లేదు. మీ తలకేం కాలేదు, వింటున్నారా? బల్ల తిప్పింది నేను." ఒక్కొక్క మాటా అతని ఒళ్ళో పోస్తున్నట్టు చెప్పింది. అతను విన్నాడు. పాత గుడ్డతో వేళ్ళ మధ్య ఆయిల్ ఒక్కొక్క వేలుగా తుడుచుకున్నాడు. "బల్ల తిప్పింది నువ్వే," అన్నాడు. "బిగించింది నేను కదా. నిపుల్ పైనుందో కిందుందో చూసుకునే బిగించాలి. గొట్టం తగిలించేటప్పుడు ఇంకోసారి చూడాలి. ఇదివరకైతే కళ్ళు మూసుకున్నా చెయ్యి ఆగేది. ఇవాళ ఆగలేదు." అది నిజం. ఆమెకీ తెలుసు అది నిజమని, ఆ నిజం మీదే గబగబా తన తప్పు తెచ్చి కప్పబోయింది. ఏడుపొచ్చింది. ఏడుపుతోపాటు ఇంకేదో కూడా వచ్చింది, అదేమిటో అర్థమవడానికి కాసేపు పట్టింది. తల చెడిన మనిషైతే ఆ సాకు రెండు చేతులా పట్టుకునేవాడు. ఇతను దాన్ని తిప్పి చూసి, పనికిరాదని పక్కన పెట్టాడు. చెడిన పార్టుని పక్కన పెట్టినట్టే. "కూర్చున్నావేం? లే," అన్నాడు. "ఇంకా గంట ఉంది. విప్పడం నేను విప్పుతాను. బిగించే ముందు రెండుసార్లూ నువ్వు చూడు. నేను చూశాక నువ్వు చూడు. ఇకమీదట ఇదే పద్ధతి."

విప్పారు, మార్చారు. కుడిచెయ్యి జారిన చోట ఎడమచేత్తో బిగించాడు. నిపుల్ పైకి చూస్తోందని అతను చూశాడు, అవునని ఆమె చూసింది. మళ్ళీ సీటు, మళ్ళీ తొక్కు, పట్టుకో. ఈసారి స్పానరు కిర్రుమనగానే అవతల్నించి అతని గొంతు చిన్నపిల్లాడిలా లేచింది. "వచ్చింది! అబ్బో, వరసగా వస్తున్నాయి, ఆగట్లేదు, నువ్వు వదలకు!" చూడాలని ఆమె ప్రాణం కొట్టుకుపోయింది. కాలు తియ్యడానికి లేదు. ఒంటికాలి మీద ఆగి, తలుపు సందులోంచి సగం ఒరిగి, మెడ నొప్పెట్టేదాకా చాచితే, అతను ఆ సన్నటి గొట్టాన్ని ఎత్తి పట్టుకుని చూపించాడు. తేనెరంగు ఆయిల్‌లో బుడగలు ఒకదాని వెనక ఒకటి, తోసుకోకుండా, బుద్ధిగా వెళ్ళిపోతున్నాయి. గంటన్నర వెతికిన దొంగలు ఇంత అందంగా ఉంటారని ఆమె అనుకోలేదు. రెండో చక్రం కూడా అయ్యాక, డబ్బాలో ఆయిల్ నింపాక, ఆఖరుసారి తొక్కింది. పెడల్ రెండంగుళాలు దిగి ఆగిపోయింది. ఇంకా నొక్కింది. కదలదు. గోడ. "ఎలా ఉంది?" అన్నాడు. "మీరే వచ్చి చూడండి," అంది, కాలు తీసి పక్కకి జరుగుతూ.

మరిది పన్నెండుకి పది నిమిషాల ముందే వచ్చాడు. అప్పటికి చక్రాలు బిగించి, కారు కిందికి దించి ఉంది. ద్వారంలో నిలబడి, అలవాటు ప్రకారం అన్నని కాకుండా ఆమెని చూసి, "వదినా, ఎలా..." అని మొదలుపెట్టాడు. ఆమె నోరు తెరిచేలోపు అతను అడ్డొచ్చాడు. "క్యాలిపర్లు తారుమారు బిగించానురా. కుడిది ఎడమకి. గాలి పోలేదు. గంటన్నర తన్నుకున్నాను. మీ వదిన కనిపెట్టింది. మళ్ళీ విప్పి సరిగ్గా వేశాను. తొక్కి చూడు." అంతా ఒక్క ఊపిరిలో, ఏమీ దాచకుండా చెప్పాడు. బల్ల మాట మాత్రం ఎత్తలేదు. ఆమెకి అతని నోరు మూసెయ్యాలనిపించింది, ఇదంతా ఇప్పుడు చెప్పడమెందుకు, పెడల్ గట్టిగా ఉందిగా, అది చాలదా. మరిది సీట్లో కూర్చుని తొక్కాడు. ఇంకోసారి తొక్కాడు. స్టార్టు చేసి, షెడ్డు ముందు ఖాళీలో ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు పోనిచ్చి ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. జేబులో ఫోను మోగింది. తీసి పేరు చూశాడు, టైర్లాయనే అయ్యుంటాడు. మరిది ఫోను నొక్కి ఆపేసి జేబులో పెట్టుకున్నాడు.

"బయట ఇచ్చుంటే పార్టు బాగాలేదని చెప్పి ఇంకో జత అంటగట్టేవాళ్ళు, ఎవడూ నేను తప్పు బిగించానని చెప్పడు," అన్నాడు, కారు దిగుతూ, ఎవరితోనో అన్నట్టు. తరవాత అన్న వైపు తిరిగాడు. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆమె మీదుగా కాకుండా నేరుగా. "అన్నయ్యా, మా ఆఫీసులో ఒకాయన కారుంది. వెనక చక్రం దగ్గర ఏదో శబ్దం. మూడుచోట్ల చూపించాడు, ఎవరికీ దొరకలేదు. సోమవారం తీసుకురమ్మంటావా?"

అతను తల కాస్త పక్కకి వంచి, "ఎలాంటి శబ్దం?" అన్నాడు.

"అదే, కిర్... కిర్... అని."

"ఊరికే కిర్రంటే? కిర్ కిర్ కిర్ అని తెగి తెగి వస్తుందా, కిర్ర్ర్ర్ అని సాగుతుందా?"

మరిది మొహం సీరియస్‌గా పెట్టి, బుగ్గలు పూరించి, ఒక శబ్దం చేశాడు. అతను తల అడ్డంగా ఊపి, అది కాదన్నట్టు, గొంతులోంచి ఇంకో శబ్దం చేసి చూపించాడు. "ఆఁ, దగ్గరికొచ్చావు, ఇంకాస్త సన్నగా," అన్నాడు మరిది. నడివయసు దాటిన ఇద్దరు అన్నదమ్ములు షెడ్డు మధ్యలో ఎదురెదురుగా నిలబడి, చేతులు తిప్పుకుంటూ, వెనక చక్రంలా అరుచుకుంటున్నారు. ఆమె నవ్వింది, నవ్వి నవ్వి కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి, అయినా చెవి అటే పెట్టింది, ఇంతకీ ఆ శబ్దం ఎలా ఉంటుందో ఆమెకీ తెలుసుకోవాలనే ఉంది.